దొంగలు పొంగించిన పాలు

జగిత్యాలలో ఇప్పుడు సినిమా తీయనివాళ్ల కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. చేతిలో ఫోను, మెడలో మైకు వైరు, వెంట ఇద్దరు దోస్తులు ఉంటే చాలు, అదే యూనిట్. వారానికొకరైనా మా ఇంటి గేటు తీస్తారు. ముప్పై ఏళ్లు హైదరాబాదులో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, రిటైరై సొంతూరికి వచ్చి కూర్చున్నవాడిని కాబట్టి నాకేదో తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. లెన్సుల గురించి అడుగుతారు. బస్సులో లెన్సు పగలకుండా ఎలా తీసుకెళ్లాలో తప్ప దాని గురించి నాకేమీ తెలియదు.

నాకు తెలిసిన పని వేరు. ఎవరి ఇంట్లో తీస్తున్నాం, వాళ్లను ఎవరు అడిగారు, అన్నం ఎన్నింటికి వస్తుంది, వాన వస్తే జనరేటరు మీద ఏం కప్పాలి, ఇవన్నీ చూసేవాణ్ని ప్రొడక్షన్ మేనేజరు అంటారు. తెర మీద మా పేరు పడే సమయానికి జనం కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అందులో తప్పేమీ లేదు. చెప్పులు కూడా ముఖ్యమే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని సినిమాలు చేశానో చెప్పను. ఒక్క సినిమా గురించి చెబుతాను. పిల్లలు, దొంగలు ఉన్న సినిమా. నా పని ఏమిటో నాకు బాగా అర్థమైంది అందులోనే. అప్పటికి నా అనుభవం ఇరవై ఏడేళ్లు.

"దారిలో ఉంది"

ముందు నా గురువు గురించి నాలుగు మాటలు. ఆయన్ను యూనిట్లో అందరూ పెద్దాయన అనేవారు. నేను డిగ్రీ చేతబట్టుకుని వెళితే, ఆ కాగితాన్ని తిరగేసి వెనక సామాన్ల జాబితా రాసుకున్నారు. అది జిరాక్సు కాబట్టి బతికిపోయాను.

ఆయన నేర్పిన మొదటి పాఠం: ఎవరు ఏది అడిగినా "దారిలో ఉంది" అనాలి. భోజనం దారిలో ఉంది. హీరోయిన్ దారిలో ఉంది. ఒకసారి డైరెక్టరు ఏనుగు కావాలంటే కూడా దారిలోనే ఉందన్నారు. ఏ ఊళ్లో ఏనుగు దొరుకుతుందో అప్పటికి ఆయనకే తెలియదు. అయినా సాయంత్రానికి ఏనుగు వచ్చింది.

గొప్ప మేనేజరు. నా అభిప్రాయం మాత్రం వేరు. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నన్ను ఎక్కువసార్లు కాపాడింది ఆ మాటే, ఎక్కువసార్లు ముంచిందీ ఆ మాటే. నోటికి అబద్ధం అలవాటైతే అవసరం లేనిచోట కూడా అదే ముందు బయటికి వస్తుంది.

పిల్లలను ఎంచిన పద్ధతి

సినిమా కథ చిన్నది. పెద్దవాళ్లు పెళ్లికి పోతారు. బస్సు ఎక్కినట్టే ఎక్కి అక్కాతమ్ముళ్లిద్దరు దిగిపోయి ఇంటికి వస్తారు. అప్పటికే ఇద్దరు దొంగలు గోడ దూకి ఉంటారు. ఆ తర్వాత గంటన్నర దొంగలకు దెబ్బలు. డైరెక్టర్ రాకేశ్‌కు అది మొదటి సినిమా. మంచి కుర్రాడు. నిద్రపోడు, ఎదుటివాళ్లు నిద్రపోతారని కూడా తెలియదు.

పిల్లల కోసం సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలలో మూడు బళ్లు తిరిగాం. "మా వాడు మస్తు అల్లరి సార్" అని అమ్మలు తెచ్చిన పిల్లలంతా కెమెరా ముందు అప్పగింతల పెళ్లికూతుళ్లలా నిలబడ్డారు. అప్పుడు నేనొక ఉపాయం చేశాను. గదిలో బల్ల మీద ఎర్ర బటన్ ఉన్న ఒక డబ్బా పెట్టి, "దీన్ని ముట్టద్దు" అని చెప్పి బయటికి వచ్చాం. ముట్టనివాళ్లను ఇంటికి పంపాం. ముట్టినవాళ్లను కూడా పంపాం. ఇద్దరిని మాత్రం ఉంచుకున్నాం.

సిరిసిల్ల పిల్ల సహస్ర, పదేళ్లు. గది తలుపు తీసి, "ఎందుకు ముట్టద్దు?" అని అడిగింది. కోరుట్ల పిల్లాడు విక్కీ, ఎనిమిదేళ్లు. తాను ముట్టకుండా పక్కవాడితో నొక్కించాడు.

సహస్ర వాళ్ల ఇంటి ముందు రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు నడుస్తాయి. ఆ చప్పుడు మధ్య పుట్టి పెరిగింది కాబట్టి ఆమె గుసగుస మన కేకతో సమానం. దొంగలకు వినపడకుండా తమ్ముడి చెవిలో చెప్పే సీనులో సౌండు రికార్డిస్టు రెండుసార్లు హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకున్నాడు.

పిల్లలతో సినిమా అంటే నిజానికి పిల్లల అమ్మలతో సినిమా. వాళ్లకు నీడ, మంచం, వేళకు అన్నం చూడండి. అన్నం తిన్నాక పిల్లలు పడుకుంటారు, పడుకోనివ్వండి. పిల్లలకు "ఒక్క షాటే" అని చెప్పి ఆరు తీయకండి. వాళ్లు లెక్కపెడతారు.

దొంగలు

దొంగ వేషాలకు హైదరాబాదు నుంచి ఇద్దరు హాస్యనటులు వచ్చారు. యూనిట్లో వాళ్లను పెద్ద దొంగ, చిన్న దొంగ అనే పిలిచేవాళ్లం. వాళ్లూ అలాగే పలికేవారు.

తెర మీద తెలివితక్కువగా పడటానికి చాలా తెలివి కావాలి. పెద్ద దొంగకు మోకాళ్లు బాగుండవు. అయినా పరుపు లేకుండా పడితేనే జనం నవ్వుతారని ఆయన పట్టుదల. చిన్న దొంగ కాలేజీలో ఫిజిక్సు చదివాడు. కాలు ఎక్కడ పడితే ఎంత దూరం జారాలో ముందే లెక్కవేసేవాడు. ఆ లెక్క ప్రకారం ఒక్కసారి కూడా జారలేదు.

ఇద్దరికీ ఒకే బలహీనత, చాయ్. మా యూనిట్లో చాయ్ పదకొండుకు, నాలుగుకు. వాళ్లకు పదింటికే తల నొప్పి మొదలయ్యేది.

ఇల్లు, దాని షరతు

ఇల్లు సారంగాపూర్ దగ్గర ఒక ఊళ్లో దొరికింది. కొత్త స్లాబు ఇల్లు, తెల్ల టైల్సు, హాల్లోకే తెరిచి ఉన్న వంటగది. మూడేళ్లుగా ఖాళీ. కట్టించినాయన లింబాద్రి, షార్జాలో ఏసీ మెకానిక్కు. ఆయన భార్య లత, ఆరేళ్ల బిడ్డతో పక్కనే రెండు గదుల పెంకుటింట్లో ఉంటోంది. నేను వెళ్లేసరికి అరుగు మీద బీడీలు చుడుతోంది.

"గంత మంచి ఇల్లు పెట్టుకొని ఈడ ఉంటున్నరేందమ్మా?" అన్నాను.

"గృహప్రవేశం కాలే సారూ. ఆయన అచ్చినంక ఇద్దరం కలిసి పాలు పొంగియ్యాలె. రెండుసార్లు సెలవు ఇస్తమన్నరు, రెండుసార్లు క్యాన్సిలు జేసిన్రు." ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూనే చెప్పింది. "వానకాలమొస్తే ఈడ ఆరు గిన్నెలు పెడ్త, కారే కాడ. ఆడేమో టైల్సు తుడుస్త."

ఆమె అడిగిన షరతు ఒక్కటే. వీడియో కాల్లో లింబాద్రి కూడా అదే చెప్పాడు.

"ఇల్లు మీదే అనుకోండ్రి సారూ. గోడలకు పిండి గొట్టుండ్రి, నూనె పోయుండ్రి, మల్ల కడిగియ్యిండ్రి. గని పొయ్యి మాత్రం ముట్టియ్యద్దు. గా ఇంట్ల మొదటి పాలు మా ఇద్దరి చేతుల మీద పొంగాలె."

"నా మాట" అన్నాను.

హాలు మూలన పైన ఒక సీసీ కెమెరా ఉంది. డ్యూటీ అయ్యాక మంచం మీద పడుకుని ఆయన ఫోనులో ఆ హాలు చూస్తాడట. "ఖాళీ ఇంట్ల ఏం కనవడ్తది?" అని అడిగాను.

"ఏం కనవడది సారూ. మంచిగుంటది."

మొదటి రోజు యూనిట్ మొత్తాన్ని నిలబెట్టి ఆ షరతు చెప్పాను. ఆర్టు డైరెక్టరు వంటగది సహజంగా ఉండాలని స్టవ్వు, సిలిండరు తెచ్చి పైపు కూడా బిగించాడు. ఎవరూ ముట్టలేదు. నేను తృప్తిపడ్డాను.

దొంగలు నాలుగో రోజు వచ్చారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేనే.

పదకొండుకు ముందు

ఆరో రోజు పొద్దున. క్లైమాక్సుకు ఇంకా రెండు రోజుల పని ఉంది. హాల్లో గోలీలు పరిచి ఉన్నాయి, దొంగలు జారాల్సిన సీను. లైట్లు సరిచేసి, నటులు తప్ప అందరూ బయటికి వెళ్లారు. నేను లత వాళ్ల వాకిట్లో వేసిన షామియానా కింద, టేబుల్ ఫ్యాను ముందు, భోజనాల లెక్క చూస్తున్నాను.

లోపల జరిగింది తర్వాత నాకు నాలుగు రకాలుగా చెప్పారు. ఇదీ సారాంశం. దొంగలు మంకీ క్యాపుల్లో తయారై కూర్చున్నారు. పదిన్నరైంది. ఎదురుగా స్టవ్వు, పక్కన సహస్ర సీనులో తాగాల్సిన పాలు. పెద్ద దొంగ స్టవ్వు వెలిగించి పాలు పెట్టాడు. చిన్న దొంగ ఈలోపు జారుడు లెక్క వివరించడం మొదలుపెట్టాడు. లెక్క పెద్దదైంది.

"అంకుల్, పాలు!" అని సహస్ర తన మామూలు గొంతుతో అరిచింది. ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. గోలీల సంగతి మరిచిపోయారు. చిన్న దొంగ జీవితంలో మొదటిసారి లెక్క ప్రకారం జారాడు, పెద్ద దొంగ ఆయన మీద పడ్డాడు. మా సినిమా మొత్తంలో దానంత మంచి టేకు లేదు. మా కెమెరా అప్పటికి ఆన్ కాలేదు.

పాలు మాత్రం తమ పని తాము చేసుకున్నాయి. పొంగి, పొర్లి, టైల్సు దాకా వచ్చాయి.

షరతు సంగతి పిల్లలకు తెలుసు. మొదటి రోజు మందిలో వాళ్లూ ఉన్నారు. విక్కీ చెప్పగానే దొంగల మొహాలు క్యాపుల్లో పాలిపోయాయట. కథలో పిల్లలు దొంగలను పట్టివ్వాలి. ఇక్కడ దాచిపెట్టడానికి పూనుకున్నారు. విక్కీ నేల తుడిచాడు. సహస్ర పెద్ద దొంగ భుజాల మీదికెక్కి, మూలనున్న సీసీ కెమెరాకు మంకీ క్యాపు తొడిగింది.

ఫ్యాను తిరుగుతోంది

నా ఫోను మోగింది. వీడియో కాల్, లింబాద్రి. ఆ రోజు ఆయనకు సెలవు.

"సారూ, నా కెమెరాల నల్లగైంది. ఏమైంది?"

ఏమైందో నాకు తెలియదు. "సూసి చెప్త" అంటే సరిపోయేది. ఇరవై ఏడేళ్ల అలవాటు నోట్లోంచి ముందే వచ్చేసింది. "ఏం లేదు లింబాద్రీ. కరెంటు పోయింది."

"మరి మీ ఎన్క ఫ్యాను తిరుగుతున్నది గద?"

"జనరేటరు" అన్నాను, కాస్త గర్వంగానే.

"జనరేటరుంటే నా కెమెరాకెందుకు కరెంటు లేదు?"

లోపలికి పోయి చూసి మళ్లీ చేస్తానని పెట్టేశాను. లోపల నలుగురూ వరసగా నిలబడి ఉన్నారు. ఇల్లంతా మాడిన పాల వాసన.

"ఏం కాలే సార్!" అంది సహస్ర. పక్క వీధికి కూడా ఏం కాలేదని తెలిసిపోయింది.

పెద్ద దొంగ నా చేతులు పట్టుకున్నాడు. "సార్, నాకు తెలియదు సార్. చాయ్ కోసం సార్." ఆయన్ను తిట్టలేకపోయాను. తిట్లు తినాల్సినవాణ్ని నేను.

ఎటు దిక్కు

రాకేశ్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "సార్, రెండ్రోజులు. తుడిచేశారు కదా. ఎవరికీ చెప్పకపోతే ఎవరికి నష్టం?" అతను చెడ్డవాడు కాదు. ఆ ఇల్లు పోతే అతని సినిమా పోతుంది, బహుశా ఇక ఎప్పటికీ రాదు. నాకూ ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ మూడేళ్లు ఆగిన మనిషి ఎప్పుడో వచ్చి, స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, భార్యతో కలిసి మొదటి పాలు పొంగిస్తున్నాననుకుంటాడు. అది మొదటిది కాదని మా ఇరవైమందికీ తెలిసి ఉంటుంది. అది నాకు నచ్చలేదు.

ఇంతలో లత గుమ్మంలోకి వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు. ముక్కు ఎగబీల్చింది.

"పాలు పొంగినయా?"

"పొంగినయమ్మా. తప్పు నాది" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు. "ఎటు దిక్కు పొంగినయ్?"

"తూర్పుకే అక్కా!" అంది సహస్ర.

"కాదు, పడమరకు. అటు మా కోరుట్ల ఉంటది" అన్నాడు విక్కీ.

లత మెడ సాచి స్టవ్వు వైపు చూసింది. "నాలుగు దిక్కులు పొంగినయ్. దొంగలు గద, ఒక్క దిక్కు గూడ ఇడ్సిపెట్టలే." తర్వాత నా వైపు తిరిగింది. "ఆయనకు ఎవలు చెప్తరు?"

"నేనే చెప్త."

ఇక్కడ నన్ను నేను నిజాయితీపరుడిగా చూపించుకోవచ్చు. కానీ క్యాపు తీస్తుంటే కెమెరా మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతూనే కనిపించింది. జరిగిందంతా రికార్డయి ఉంటుందని అప్పుడే తట్టింది. నా నిజాయితీలో ఆ లైటుకూ వాటా ఉంది.

కాల్ కలిపాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు, "సూసిన సారూ. ఎన్కకు తిప్పి రెండుసార్లు సూసిన."

"లింబాద్రీ, కరెంటు పోయిందని అబద్ధం చెప్పిన. దొంగలకు షరతు చెప్పుడు మర్చిపోయింది గూడ నేనే."

అటు ఆయన గదిలో ఎవరో తెలియని భాషలో ఏదో అని నవ్వుతున్న చప్పుడు వినిపించింది. "గా పొయ్యి మీద పాలెట్ల పొంగుతయో రోజు అనుకుంట సారూ, పండుకునే ముందు. లత ఏ చీర గట్టుకుంటదో గూడ అనుకున్న. నేను అనుకున్న దాంట్ల మంకీ క్యాపు లేదు."

నా చేతిలో ఉన్న క్యాపును వెనక్కి దాచుకున్నాను.

"సామాను సదురుకోండ్రి. ఇగ సాలు" అన్నాడు.

"అట్లనే" అన్నాను. బతిమాలలేదు. మాట తప్పినవాడు బేరం చేయకూడదు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

అప్పుడు రాకేశ్ నా భుజం మీదుగా ఫోనులోకి వంగాడు. "అన్నా, అంతా ఖాళీ చేస్తాం. ఆ జారిన ఫుటేజీ ఒక్కటి పంపిస్తారా?" దర్శకులంటే ఏమిటని మీరు అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇదే.

లింబాద్రి ఏదో అనబోయాడు. ఆలోగా లత నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఎవలను ఖాళీ చెయ్యమంటున్నవ్?"

"నీకు తెల్వది లతా. వాళ్లు ఏం జేసిన్రో..."

"నాకు వాసనచ్చింది. నువ్వు జెర ఇను." ఆమె గొంతు పెంచలేదు. "మూడు వానకాలాలు ఆరు గిన్నెల నడుమ పండుకున్న. బిడ్డకు ఆ ఇంటిని కిటికీలకెళ్లి సూపెట్టిన. నువ్వు అచ్చినంక అన్నవ్, ఆగిన. నువ్వు రాలే. నీ తప్పు గాదు, తెలుసు. గని ఇల్లు గూడ ఎంతకని ఆగుతది? దానికే ఇసుగొచ్చి, దొర్కినోళ్లతోని పాలు పొంగిచ్చుకున్నది."

"గట్లంటవేందే?"

"గట్లనే అంట. పాలు పొంగినయ్. ఇగ నేను లోపటికి పోతున్న. నువ్వు అచ్చినప్పుడు మల్ల పొంగిద్దం, నీ చేతుల మీద. ఊరంత పిలుద్దం. అందాక నా బిడ్డ తడువది."

ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె ఫోను నా చేతికిచ్చి పెంకుటింట్లోకి పోయింది. ఐదు నిమిషాల్లో ముఖం కడుక్కుని, పసుపు చీర కట్టుకుని, బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కుడికాలు లోపల పెట్టింది. వెనక్కి తిరిగి దొంగలను చూసింది.

"మీరు పొంగిచ్చిన్రు గద. ఇగ సామాను మీరే తేవాలె."

సామాను

ముప్పై ఏళ్లలో నేను చాలా దృశ్యాలు చూశాను. పట్టపగలు ఇద్దరు దొంగలు మంకీ క్యాపులతో ఒక ఇంట్లోకి సామాను మోయడం మాత్రం అదొక్కసారే. బియ్యం డబ్బా, మంచం, బట్టల పెట్టె, బీడీల చాట. పెద్ద దొంగ మోకాళ్లను మరిచిపోయాడు. చిన్న దొంగ గడప ఎత్తు లెక్కవేసి, అయినా తట్టుకున్నాడు. సహస్ర, విక్కీ ఆరు గిన్నెలనూ ఒకదాంట్లో ఒకటి పెట్టి తెచ్చారు. ఊరివాళ్లు షూటింగు అనుకుని గోడలెక్కారు. ఒక ముసలాయన నన్ను అడిగాడు, "గిదేం కథ సారూ? దొంగలు తెచ్చి పెడ్తున్నరేంది?" నాకు తెలిసినంతవరకు చెప్పాను.

రాకేశ్ కెమెరా ఆన్ చేశాడు. ఆ దృశ్యమే సినిమా చివరి సీనైంది. క్లైమాక్సు సంగతి లత తేల్చింది. రెండు రోజులూ తీసుకోవచ్చు, కానీ పిండి హాలు దాటకూడదు, గోలీలు లెక్కపెట్టి ఇవ్వాలి. ఖాళీ ఇంటి కోసం రాసుకున్న సీన్లన్నీ కాపురమున్న ఇంటికి మార్చాల్సి వచ్చింది. అవే బాగా వచ్చాయి. సినిమా బ్రహ్మాండంగా ఆడిందని చెప్పను. ఆడిన చోట చివరి సీనుకు నవ్వారు.

నేను నేర్చుకున్నదేమిటంటే, మొదటి రోజు చెప్పిన మాట ఆరో రోజుకు ఉండదు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మళ్లీ చెప్పాలి, దొంగలకు ముందు చెప్పాలి. తెలియనిది అడిగితే తెలియదు అనాలి. దారిలో ఉంది అనకూడదు, ఏనుగు ప్రతిసారీ రాదు. ఇక ఎవరి ఇంట్లోనైనా తీసేటప్పుడు, గోడలు ఎవరివని మాత్రమే అడగకండి. ఆ ఇంట్లో దేని కోసం ఎవరు ఆగి ఉన్నారో అడగండి.

సామాను చేర్చాక అందరం బయటికి వచ్చేశాం. ఫోను నా చేతిలోనే ఉంది. లింబాద్రి కాల్ కట్ చేయలేదు, మాట్లాడనూ లేదు. ఒక్కసారి మాత్రం, "జెర పొయ్యి దిక్కు తిప్పుండ్రి సారూ" అన్నాడు. గుమ్మంలో నిలబడి తిప్పాను. లత స్టవ్వు తుడిచి, బొట్టు పెట్టి, వెలిగించింది. కుక్కరు పెట్టింది. బిడ్డ టైల్సు మీద బోర్లా పడుకుని చెంప ఆనించి చూసుకుంటోంది. కుక్కరు మొదటి విజిలు వేసింది.

అప్పుడు షార్జా నుంచి చిన్నగా వినిపించింది.

"ఏం కూర?"

"పప్పు" అంది లత, వెనక్కి తిరగకుండా. "నీకు లేదు."